లెక్కలో లేని గుర్రం

(ఎర్రగడ్డలో మా ఇంగ్లిష్ మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం, అచ్చు ప్రతి)



స్మారకోపన్యాసమంటే పోయినవారి గుణగణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. మాస్టారికి అది ఇష్టముండేది కాదు. పొగడ్త మొదలుపెడితే "పాఠంలోకి రండి" అనేవారు. అందుకని పాఠంలోకే వస్తాను. ఆయన మాకు నేర్పిన ఇంగ్లిష్ నుడికారాల్లో ఒక్కదాన్ని తీసుకుని, దాని పుట్టుక ఏమిటో, మన నేల మీద అది ఎవరికి వర్తించిందో, ఎవరి దగ్గర సరిపోలేదో చెబుతాను. ఆ నుడికారం 'డార్క్ హార్స్'. ఎవరూ ఊహించని మనిషి వచ్చి గెలిస్తే ఇంగ్లిష్ వాళ్లు ఆ మాట అంటారు.

ఈ తరం పిల్లల కోసం ముందు ఈ చోటు గురించి కొంచెం చెప్పాలి. ఎర్రగడ్డ అనగానే హైదరాబాద్ వాళ్లకు రెండు పెద్దాస్పత్రులు గుర్తొస్తాయి, ఛాతీ ఆస్పత్రి, మానసిక చికిత్సాలయం. ఎవరినైనా ఎగతాళి చెయ్యాలంటే "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనడం ఈ ఊళ్లో ఎప్పటినుంచో ఉంది. రోగంతో బాధపడేవాళ్లను, వాళ్లకు సేవ చేసేవాళ్లను, ఆ వీధుల్లో కాపురముండేవాళ్లను ఒకే మాటతో చులకన చేసే ఆ అలవాటు మాస్టారికి చాలా కష్టంగా ఉండేది. ఆయన దగ్గరికి సాయంత్రం క్లాసుకు వచ్చేది ఆ వీధుల పిల్లలే. ఆస్పత్రుల వార్డుబాయిల కొడుకులు, నర్సుల కూతుళ్లు, సనత్‌నగర్ కర్మాగారాల్లో షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, ఆదివారం అంగడిలో పాత సామాను అమ్మే ఇళ్ల పిల్లలు. చిరునామా అడిగితే ఎర్రగడ్డ అని చెప్పడానికి వాళ్లలో కొందరు జంకేవారు. బల్కంపేట అనో, అమీర్‌పేట పక్కన అనో చెప్పేవారు. ఆ జంకు వదిలించడానికే ఆయన మాకు ఈ గుర్రం పాఠం చెప్పారని నా నమ్మకం.

గుర్రప్పందేల భాషలో 'డార్క్' అంటే రంగు కాదు. ఆ గుర్రం ఎలా పరిగెడుతుందో జనానికి తెలియదని అర్థం. ఈ నుడికారానికి సాహిత్యంలో అందరూ చూపించే మొదటి చోటు 1831లో అచ్చయిన 'ది యంగ్ డ్యూక్' అనే నవల. రాసింది బెంజమిన్ డిజ్రేలీ. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. నవలలో డబ్బున్న కుర్ర ప్రభువు ఒకడు పందేల మైదానానికి వెళతాడు. అందరి కళ్లూ పేరున్న గుర్రాల మీదే ఉంటాయి. అవి వెనకబడిపోతాయి. ఎవరి తలపులోనూ లేని గుర్రం ఒకటి గ్రాండ్‌స్టాండ్ ముందు నుంచి దూసుకుపోయి గెలుస్తుంది.

ఆ సన్నివేశంలో డిజ్రేలీ ఒక చిన్న వివరం పెట్టాడు. మాస్టారు ఆ చోట ఆగి మా అందరి ముఖాలూ చూసేవారు. ఆ కుర్రవాడు నిర్లక్ష్యంగా ఉండి జాబితాలో ఆ గుర్రం పేరును గమనించనే లేదని రాశాడు. అంటే పేరు జాబితాలో ఉంది. అచ్చులో ఉంది, చేతిలో ఉన్న కాగితంలో ఉంది. చదవవలసినవాడు చదవలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వివరం చుట్టూ తిరుగుతుంది.

రాసినవాడి కథ కూడా అలాంటిదే. డిజ్రేలీ యూదు కుటుంబంలో పుట్టాడు. పెద్ద భూస్వామ్య వంశం కాదు, పేరున్న విశ్వవిద్యాలయంలో చదవలేదు. పార్లమెంటుకు పోటీ చేసి వరసగా ఓడాడు. చివరికి 1837లో గెలిచాడు. 1868లో బ్రిటన్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. నవల రాసిన రోజుల్లో అతని మీద పందెం కాసేవాళ్లు ఎంతమంది ఉండేవారో ఊహించుకోండి.

పందేల సంగతి హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మౌలాలి మైదానం నుంచి పందేలు మలక్‌పేటకు మారాయి, 1886లో. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. జూదాన్ని నేను సమర్థించను. పందేలు ఎన్ని ఇళ్లు కూల్చాయో మలక్‌పేట చుట్టుపక్కల బస్తీలకు తెలుసు. కానీ ధర ఎలా తేలుతుందో ఒకసారి చూడాలి. రేసు కార్డులో గుర్రం పేరు, వయసు, తల్లిదండ్రులు, ట్రైనరు, జాకీ, మోసే బరువు అన్నీ ఉంటాయి. టోట్ కౌంటర్లో ఏ గుర్రానికి ఎంత వస్తుందనేది దాని కాళ్ల బలాన్ని బట్టి ఉండదు, దాని మీద జనం ఎంత డబ్బు కాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పదిమంది ఎక్కువ కాస్తే అది ఫేవరెట్. ఎవరూ కాయకపోతే గెలిచినప్పుడు పెద్ద మొత్తం వస్తుంది. ఆ అంకె చెప్పేది కాసినవాళ్ల నమ్మకం గురించి. గుర్రం ఎలాంటిదో ఆ అంకెకు తెలియదు.

డార్క్ హార్స్ అన్న మాట రాజకీయాల్లోకి వచ్చి స్థిరపడింది అమెరికాలో. 1844 మే నెలలో బాల్టిమోర్‌లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. మాజీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌కు మొదటి రౌండులో సగానికి పైగా ఓట్లు వచ్చాయి కానీ, కావలసింది మూడింట రెండు వంతులు. రౌండు మీద రౌండు జరిగింది, ఎవరికీ అంత రాలేదు. ఎనిమిదో రౌండులో జేమ్స్ పోక్ అనే పేరు వచ్చింది, తొమ్మిదో రౌండులో ఆయనే అభ్యర్థి అయ్యాడు. శామ్యూల్ మోర్స్ అప్పుడే వేసిన టెలిగ్రాఫ్ తీగ మీద ఆ కబురు వాషింగ్టన్ చేరింది. ఎదుటి పార్టీ వాళ్లు "ఎవరీ పోక్?" అని ఎద్దేవా చేశారు. అమెరికా చరిత్రలో అధ్యక్ష పదవికి మొదటి డార్క్ హార్స్ ఆయనేనని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజానికి పోక్ నాలుగేళ్లు ప్రతినిధుల సభకు స్పీకరు. టెన్నెసీ రాష్ట్రానికి గవర్నరు. ఆ తర్వాత రెండుసార్లు గవర్నరు ఎన్నికల్లో ఓడాడు, అంతే. రెండు ఓటములు చూసి జనం ముందున్నదంతా చెరిపేశారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

1991 వేసవిలో నేను పత్రికలో సబ్ఎడిటర్‌ని. మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఎన్నికలు పూర్తయ్యాయి, కాంగ్రెస్ పెద్ద పార్టీగా నిలిచింది, మెజారిటీ మాత్రం రాలేదు. ప్రధాని ఎవరన్న ప్రశ్నకు శరద్ పవార్ అని కొందరు, అర్జున్ సింగ్ అని కొందరు చెప్పుకునేవారు. అప్పటి ఉపరాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మను ముందు అడిగారని, ఆరోగ్యం సహకరించదని ఆయన కాదన్నారని నట్వర్ సింగ్ తర్వాత రాశారు. జూన్ 21న ప్రమాణం చేసింది పాములపర్తి వెంకట నరసింహారావు, మన పీవీ. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ కూడా చేయలేదు. వయసు డెబ్బై నిండబోతోంది, అంతకు ముందు గుండెకు ఆపరేషన్ అయింది. ఢిల్లీ ఇంట్లో పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేయబోతున్నారని అందరికీ తెలుసు. డార్క్ హార్స్ అన్న మాట ఆయన పేరు పక్కన అప్పుడూ వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు.

మాస్టారి పాఠం ప్రకారం జాబితా తీసి చదువుదాం. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు, వంగరకు దత్తత వెళ్లారు. కుర్రతనంలో వందేమాతరం ఉద్యమంలో నిలబడ్డందుకు నిజాం రాజ్యంలో చదువు ఆగిపోయింది. నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. వరంగల్‌లో 'కాకతీయ' పత్రిక నడపడంలో చేయి వేశారు. 1957లో మంథని నుంచి శాసనసభకు వచ్చారు, రెండు దశాబ్దాలు ఆ స్థానం ఆయనదే. 1971 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. భూసంస్కరణల విషయంలో గట్టిగా నిలబడ్డారు, భూస్వాముల కోపం తెచ్చుకున్నారు. జై ఆంధ్ర ఉద్యమ కాలంలో, 1973 జనవరిలో దిగిపోయారు. ఆ తర్వాత కేంద్రంలో విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. మరాఠీలో హరి నారాయణ ఆప్టే రాసిన నవలను 'అబల జీవితం'గా తెలుగు చేశారు. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు.

ఇంత ఉన్న మనిషి ఎందుకు కనిపించలేదు? ఒక కారణం, ఆయన వెనక మందబలం లేదు. రెండోది, 1984లో హనుమకొండలో ఓడిపోవడం. ఆ ఎన్నికల్లో బీజేపీ దేశం మొత్తమ్మీద గెలిచింది రెండే సీట్లు, అందులో ఒకటి పీవీ మీద చందుపట్ల జంగారెడ్డి గెలిచినది. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి పీవీ గెలిచారు కానీ, సొంత ఊరు ఓడించిందన్న ముద్ర పోలేదు. పోక్‌కు జరిగిందే మన పీవీకీ జరిగింది.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి. జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. రిజర్వు బ్యాంకు బంగారం ఇంగ్లండ్ చేరింది. జులై 24న ఒకే రోజు కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చింది, మన్మోహన్ సింగ్ బడ్జెట్ కూడా వచ్చింది. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారన్నది చాలామంది మర్చిపోతారు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో తెలుగుదేశం పోటీ పెట్టలేదు, పీవీ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. పార్లమెంటులో బలం లేకపోయినా అయిదేళ్లు ప్రభుత్వం నడిపారు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూలుతుంటే ఆపలేకపోయిన మచ్చ ఆయన మీద ఉంది. అది చిన్నది కాదు, నేను దాన్ని తగ్గించి చెప్పను. అనూహ్యంగా గెలిచినవాడు చేసిందల్లా ఒప్పవుతుందని ఈ నుడికారం ఎక్కడా అనదు.

ఆ 1991 నిర్ణయాల ఫలితం మన వీధిలోకే వచ్చింది, రెండు దారుల్లో. ఒక పక్క సనత్‌నగర్‌లో 1942లో పుట్టిన ఆల్విన్ లాంటి ప్రభుత్వ సంస్థ, ఒక తరాన్ని ఫ్రిజ్‌లతో, బస్సు బాడీలతో, గడియారాలతో పోషించిన సంస్థ, మన కళ్ల ముందే కరిగిపోయింది. దాని జబ్బు అంతకు ముందునుంచే ఉంది కానీ, కొత్త కాలం దానికి ఊపిరి పోయలేదు. మాస్టారి క్లాసుకు వచ్చే కార్మికుల్లో కొందరు రావడం మానేశారు. ఇంకో పక్క, ఇక్కడికి ఒకటి రెండు మైళ్ల దూరంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచాయి.

అమీర్‌పేట గురించి పెద్దగా ఎవరూ గౌరవంగా రాయలేదు. రాయాలి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అద్దాల మేడ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ మేడలోకి వెళ్లిన పిల్లల్లో ఎంతోమంది ముందు అమీర్‌పేట ఇరుకు మెట్లు ఎక్కారు. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, పల్నాడు నుంచి వచ్చి హాస్టల్‌లో ఒక మంచం అద్దెకు తీసుకున్నారు. పొద్దున ఏడింటి బ్యాచ్‌లో ఒరాకిల్, సాయంత్రం జావా, మధ్యలో టిఫిన్ సెంటర్లో ఇడ్లీ. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పనికి మనుషులు కావలసి వచ్చారు, ఇక్కడ ఆ కోర్సు చెప్పే గదులు కిటకిటలాడాయి. బోర్డు మీద సంస్థ పేరు కన్నా పాఠం చెప్పే సారు పేరే పెద్ద అక్షరాల్లో ఉండేది. విద్యార్థికి కావలసింది పాఠం చెప్పగలిగిన మనిషి కాబట్టి అది న్యాయమే.

ఆ పిల్లల్లో చాలామంది చదివిన కాలేజీ పేరు ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినలేదు. వినకపోవడం వాళ్ల తప్పు అనను. అయితే ఆ పేరు దగ్గరే కాగితం పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్‌లో మొదటి వాక్యం తడబడితే రెండో వాక్యం వినేవాళ్లు కాదు. ప్రోగ్రాం రాయడం వచ్చి కూడా మాట దగ్గర ఆగిపోయిన ఆ పిల్లలు మెట్రో లేని రోజుల్లో బస్సెక్కి ఎర్రగడ్డ వచ్చి మాస్టారి దగ్గర కూర్చునేవారు. గెలిచినవాళ్లు అమెరికాలో ఉన్నారు, గచ్చిబౌలిలో ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. కోర్సు మీద కోర్సు చేసి, అప్పు చేసి, ఉద్యోగం రాక ఊరికి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. అమీర్‌పేట విజయగాథ చెప్పేవాళ్లు వాళ్లను వదిలేయకూడదు.

పీవీ గురించి ఇంకొకటి చెప్పాలి, నాకు అన్నిటికన్నా విలువైనది అదే. ముఖ్యమంత్రిగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభించారు. పల్లెటూరి పేదపిల్లల్లో చురుకైనవాళ్లను పరీక్ష పెట్టి ఎంచి, తిండి, బట్ట, పుస్తకం ఇచ్చి చదివించే బడి. తర్వాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు అదే ఆలోచన నవోదయ విద్యాలయాలుగా దేశమంతా వెళ్లింది. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష, కనీసం నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకు. తనను ఎవరూ చూడలేదని పీవీ ఎక్కడా ఫిర్యాదు చేసినట్టు నేను చదవలేదు. కానీ ఎవరి కంటా పడని పిల్లల పేర్లు చదివే ఏర్పాటు ఒకటి ఆయన ప్రధాని కాకముందే చేసి పెట్టారు.

ఆటల్లో ఒక్క ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. వెళ్లేముందు ఆమె ఎంపిక మీదే విమర్శలు వచ్చాయి, ఆమె కాలం అయిపోయిందన్నవాళ్లు ఉన్నారు. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి గురించి ఆ మాటలు. పైగా ఎక్కువ బరువు విభాగం, 69 కిలోలు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 ఎత్తింది. స్వర్ణానికి, ఆమెకు మధ్య తేడా రెండున్నర కిలోలు. పతకం వచ్చాక ఊహించని విజయమని రాశారు. రెండుసార్లు ప్రపంచ విజేత గెలిస్తే అందులో ఊహకు అందనిది ఏముందని మాస్టారు మర్నాడు క్లాసులో అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈ నుడికారం సరిపోని ఒక తెలుగువాడు ఉన్నాడు, ఆయనతో ముగిస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు తెల్లదొర ప్రొఫెసర్ కన్నెర్ర చేశాడు. ఎంబీబీఎస్ దక్కలేదు, కింది పట్టా చేతికిచ్చారు. 1922లో బోస్టన్ చేరాడు. ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన చేశాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతిని జీవరసాయన విద్యార్థులు దశాబ్దాలపాటు నేర్చుకున్నారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద ఆ ఇద్దరూ చేసిన పని జీవశాస్త్రానికే పునాదుల్లో ఒకటి. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లాడు. అక్కడ ఆయన నడిపించిన బృందాలనుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ మీద సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ వచ్చింది. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వచ్చింది. బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది. మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి దగ్గరుండి మింగించే డీఈసీ మాత్ర అదే. 1948 ఆగస్టులో యాభై మూడేళ్లకే పోయాడు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు.

డార్క్ హార్స్ అంటే గెలిచిన క్షణాన గ్రాండ్‌స్టాండ్ అంతా లేచి చూడాలి. సుబ్బారావు గెలిచాడు, స్టాండులో ఎవరూ లేవలేదు. ఆయన పేరు తెలుగు పిల్లల పాఠాల్లోకి రావడానికే ఎంతో కాలం పట్టింది. ఇంగ్లిష్‌లో ఈ మనిషికి సరిపోయే నుడికారం ఏమిటని నేను ఒకసారి మాస్టారిని అడిగాను. ఆయన నల్లబల్ల మీద సుబ్బారావు పూర్తి పేరు తెలుగులో రాయించి, ఆ రోజు పాఠం అదేనన్నారు.

చివరగా నిర్వాహకులకు ఒక విజ్ఞప్తి. మాస్టారి పేరున పోగైన నిధిని విగ్రహానికో, శిలాఫలకానికో ఖర్చు పెట్టవద్దు. గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశ పరీక్ష రాసే పిల్లలు ఈ బస్తీల్లో ఉన్నారు. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కూడా వాళ్ల ఇళ్లలో చాలామందికి తెలియదు. ప్రేమ్‌నగర్, సుల్తాన్‌నగర్ నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ వెళ్లి ఆ పిల్లల పేర్లు రాసుకుందాం. దరఖాస్తులు మనమే నింపుదాం, సాయంత్రాలు పాఠం చెబుదాం. ఇంగ్లిష్ నేను చెబుతాను. లెక్కలు చెప్పగలిగినవారు ఈ సభ అయ్యాక నా దగ్గర పేరు ఇవ్వండి. సెలవు.